దాంపత్యము, సంతానపోషణము, వైద్యము: వీనియందు తృప్తి యెట్లు కలుగును?

(వార్షిక మహాసభ రెండవనాటి ప్రసంగము)



ఈ వార్షిక మహాసభయందు నన్ను ప్రసంగింపుమని కోరిన కార్యదర్శిగారు మొదట నాకు నిర్ణయించిన విషయము కులాభ్యుదయము. దానిని గూర్చి నిన్నటి ఉదయమునుండియు పెద్దలు పెక్కండ్రు సెలవిచ్చిరి. విద్యార్థివసతిగృహమునకు వలయు ధనమును గూర్చియు, కల్యాణమండపమునకు పైకప్పు వేయించుటను గూర్చియు ప్రసంగములు జరిగినవి. వారు చెప్పినదానినే నేనును చెప్పినచో మీకు నిద్ర వచ్చును. భోజనానంతరము అది యెట్లును రానేవచ్చును. కావున కార్యదర్శిగారి యనుమతితో విషయమును మార్చుకొంటిని.

నేను ముప్పదియైదేండ్లు ఈ సీమయందు స్త్రీలకును శిశువులకును వైద్యము చేసినదానను. ఆ వృత్తిలో నాకు పదేపదే యెదురైన ప్రశ్న యొకటి కలదు. మనుష్యులు ఒకరిపై నొకరు ఆధారపడి బ్రదుకవలసివచ్చినపుడు వారికి తృప్తి దేనివలన కలుగును? దంపతులు, తలిదండ్రులు బిడ్డలు, వైద్యుడు రోగి: ఈ మూడు సంబంధములను ఒక్కచో చేర్చుట కొందఱికి వింతగా తోచవచ్చును. ఆసుపత్రిలో మంచముచెంత నిలిచి చూచినవారికి మాత్రమిది వింత గాదు. మంచముపై నున్నది భార్య, కాళ్లకడ నిలిచినవాడు భర్త, వాకిట కూర్చున్నది బడి మానివచ్చిన కూతురు, చీటి వ్రాయువాడు వైద్యుడు. నలుగురును ఒక్క గదిలోనే యుందురు. ఆ నలుగురిలో ఎవరు ఎవరితో మాటలాడుచున్నారో, ఎవరు ఎవరితో మాటలాడుట లేదో రెండు నిమిషములు గమనించినచో, ఆ కుటుంబముయొక్క చరిత్ర సగము తెలియును.

బెంగుళూరునుండియు, హైదరాబాదునుండియు విచ్చేసిన పోషకులకొఱకు మన సీమను గూర్చి రెండు మాటలు. ఇచ్చట ఏడాదికి పడు వర్షము సగటున సుమారు 550 మిల్లీమీటర్లు, అనగా ఇరువదిరెండు అంగుళములకు లోపు. పడమటి కనుమలను దాటి వచ్చు మేఘము మనవద్దకు వచ్చునప్పటికి ఒట్టిపోవును. తూర్పుసముద్రమునుండి వచ్చు మేఘమునకు మనము మిక్కిలి దూరము. ముంగారులో ఎఱ్ఱనేలయందు వేరుసెనగ విత్తుదుము. ఊడ దిగి కాయ పట్టు సమయమునకు వాన మొగము చాటువేసినచో పైరు పచ్చగనే కనబడును గాని భూమిలో కాయ యుండదు. 2022 ఏప్రిల్ 4న ఈ జిల్లా రెండయినది. అనంతపురము ఒక జిల్లాకును, పుట్టపర్తి ఇంకొక జిల్లాకును ముఖ్యస్థానములైనవి. వాన మాత్రము రెండింటికిని ఒక్కతీరుగనే తప్పిపోవుచున్నది.

ఇట్టి నేలపై కాపురము చేయువారి అప్పు ఒక విచిత్రమైన వస్తువు. పైకి కనబడని కాయవలె అదియు భూమిలోనే పెఱుగును. నావద్దకు గుండెదడ యని వచ్చిన యొక స్త్రీని గూర్చి చెప్పెదను. ఊరు పేరు చెప్పను. ఆమె భర్త అయిదేండ్లలో నాలుగు బోరుబావులు త్రవ్వించెను. మొదటిదానిలో ఒక వేసవివఱకు నీరుండెను. తక్కిన మూటిలో దుమ్ము లేచెను. బ్యాంకులో బంగారము పెట్టినట్లు ఆమెకు తెలియును. ఎరువుల అంగడిలో ఖాతా యున్నట్లు తెలియును. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీపై ముగ్గురివద్ద చేబదుళ్లు తెచ్చినట్లు తెలియదు. అతడు పురుగులమందు త్రాగి మరణించిన పదునొకండవనాడు ఆ ముగ్గురును ఇంటి యరుగుపై వచ్చి కూర్చుండిరి. ఆమె నాతో ననిన మాటలను ఆమె మాటలలోనే చెప్పుట న్యాయము: "నాకు చెప్పింటే ఏమైతాండె అమ్మా? భూమి ఆయప్పకే ఇడిసిపెట్టి ఇద్దరమూ బెంగుళూరికి పోయి బేల్దారి పని చేసుకొంటాంటిమి." ఆమె గుండెకు రోగమేమియు లేదు. ఆమెను బాధించునది భర్త అప్పులపాలగుట గాదు. పదునెనిమిదేండ్లు ఒకే కంచములో తినినవాడు తనను ఆ లెక్కలోనికి రానీయలేదను విషయము.

మన వివాహతంత్రమున వరుడు చేయు ప్రతిజ్ఞ యొకటి కలదు. ధర్మమునందును, అర్థమునందును, కామమునందును ఈమెను అతిక్రమింపనని యగ్నిసాక్షిగా పలుకును. పురోహితుడు చెప్పించును, వరుడు చెప్పును, వీడియో తీయువాడు తీయును. అర్థమను పదమునకు అర్థమడిగినవాడు నాకింతవఱకు కనబడలేదు. అర్థమునందు అతిక్రమింపననగా చీరలకు కొఱత చేయనని మాత్రము గాదు. ఇంటి రాబడి, ఇంటి యప్పు ఆమెకు తెలియకుండ చేయనని. సప్తపదిలో ఏడవ యడుగుతో వధువు వరునికి స్నేహితురాలగునని మన పెద్దలే నియమించిరి. స్నేహితునికి చెప్పుకొనని కష్టము ఇంకెవరికి చెప్పుకొందుము?

మగవారు దాచుట దుర్బుద్ధిచేతనే యని నేననను. ఆమె బెంగపడునను జాలి కొంత, పుట్టినింటివారికి తెలియునను సిగ్గు కొంత, వచ్చే ముంగారుకు తీఱిపోవునను ఆశ చాలవఱకు. ఇందులో వింత యేమనగా, ఆ భార్య పొదుపుసంఘములో లెక్కలు వ్రాయునదియే. పదిమంది స్త్రీల వాయిదాలు ఆమెకు కంఠస్థము. వడ్డీపై వడ్డీ యెట్లు పాకునో భర్తకంటె ఆమెకే బాగుగ తెలియును. బయట పదిమందికి లెక్క చెప్పు ఆమెకు ఇంటిలో లెక్క చెప్పువాడు లేడు. ధర్మవరపు నేతగాండ్ర యిండ్లలో నేను దీనికి భిన్నమైన యేర్పాటును కొన్నిచోట్ల చూచితిని. భర్త మగ్గములో కూర్చుండును, భార్య కండెలు చుట్టును. పట్టు ఎంత వచ్చెనో, చీర ఎంతకు పోయెనో ఇద్దఱి కన్నులయెదుటనే జరుగును. కండెలు చుట్టినందులకు ఆమెకు కూలి కట్టువారు లేరు, అది వేఱు సంగతి, అన్యాయమైన సంగతి. అయినను ఆ యిండ్లలో బీదతనమును గూర్చి ఇద్దఱును కలిసి తిట్టుకొనుట వింటినిగాని ఒకరినొకరు తిట్టుకొనుట తక్కువగా వింటిని.

అమెరికాదేశమున హార్వర్డు విశ్వవిద్యాలయమువారు 1938లో ప్రారంభించిన పరిశోధన యొకటి తరములు దాటి నడచినది. ఆనాడు యువకులుగా నున్న వందలకొలది పురుషులను వార్ధక్యమువఱకు వెంబడించి, వారి దేహములను, ఉద్యోగములను, సంసారములను పరిశీలించిరి. ఏబదియేండ్ల ప్రాయమున తమవారితోడి సంబంధములయందు తృప్తి గలవారే ఎనుబదియేండ్ల ప్రాయమున ఎక్కువ ఆరోగ్యముతో నుండిరనియు, రక్తములోని కొవ్వుకంటె ఈ తృప్తియే మంచి సూచకమయ్యెననియు వారు తేల్చిరి. భార్యలను కూడ పరిశోధనలో చేరుడని యడుగుటకు వారికి ఏడు దశాబ్దములకు దగ్గఱగా పట్టెను. ఇప్పటికైన నడిగితిరి గదా యని వారిలో పలువురనిరట. ఈ విషయమున అనంతపురమునకును అమెరికాకును భేద మంతగా లేదు.

కాపురము ఆరంభమగు తీరును గూర్చియు కొంత చెప్పవలసియున్నది; ఏలన రేపటి కార్యక్రమములో వధూవర పరిచయవేదిక కలదు. 1929లో శారదాచట్టము వచ్చినపుడు బాలికకు కనీసవయస్సు పదునాలుగు. 1978లో అది పదునెనిమిదియైనది. 2006లో బాల్యవివాహనిషేధమునకు క్రొత్త చట్టము వచ్చినది. అయినను 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున ఇరువదినుండి ఇరువదినాలుగేండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 29.3 మందికి పదునెనిమిది నిండకమునుపే వివాహమైనది. దేశపు సగటు 23.3. చదువులో, కంప్యూటరులో దేశమునకు ముందున్నామని చెప్పుకొను మనము ఈ లెక్కలో వెనుకనున్నాము. పదునాఱేండ్ల పిల్ల ప్రసవమునకు వచ్చినపుడు ఆమెకు రక్తము చాలకపోవుట నేను తఱచుగా చూచితిని. దానికి మందు కలదు. నిన్నెవరైన నడిగిరా యని నేనన్నపుడు ఆమె అత్తగారివైపు చూచుట కూడ తఱచుగా చూచితిని. దానికి మందులేదు.

మేనరికమును గూర్చి నా యభిప్రాయము మీలో కొందఱికి రుచింపకపోవచ్చును. మన రాష్ట్రమున దాదాపు నాలుగు వివాహములలో నొకటి రక్తసంబంధులలోనే జరుగుచున్నది. పుట్టు బిడ్డలకు కొన్ని వంశపారంపర్యవ్యాధులు సంక్రమించు నవకాశము దీనిచే పెఱుగునని వైద్యులెల్లరు చెప్పుదురు, నేనును చెప్పుదును. నేను విశేషించి చెప్పదలచినది వేఱొకటి. మేనత్తయే అత్తగారైన యింట పిల్లకు పరాయితనము లేదు, నిజమే. సంగటిలో ఉప్పెంతయో ఆమెకు ముందే తెలియును. కాని కష్టము వచ్చినపుడు ఆమె ఎవరితో చెప్పుకొనును? తండ్రితో చెప్పినచో తండ్రి తన యక్కపై తీర్పు చెప్పవలెను. తల్లితో చెప్పినచో తల్లి తన యాడుబిడ్డతో పోరాడవలెను. పుట్టినిల్లు మెట్టినిల్లు ఒకటే యగుటచే చుట్టఱికము చిక్కబడినది, ఫిర్యాదునకు త్రోవ మూసికొనిపోయినది. ఆ స్త్రీలు తలనొప్పి యని, నడుమునొప్పి యని మావద్దకు వచ్చెదరు. రక్తపరీక్షలలో ఏమియు కనబడదు.

ఇక బిడ్డల సంగతి. కఱవు వచ్చిన యేట కదిరినుండియు, కల్యాణదుర్గమునుండియు బెంగుళూరికి పోవు బస్సులలో తలిదండ్రులు కనబడుదురు. ఊళ్లలో అవ్వతాతలును బిడ్డలును మిగులుదురు. ఉగాదికి, దసరాకు వచ్చిపోవు తండ్రి బిడ్డకు చుట్టమువంటివాడు. దీనిని తప్పనుటకు నాకు నోరు రాదు, బియ్యము అట్లు వచ్చుచున్నవి. రాత్రి తొమ్మిదిగంటలకు సెల్‌ఫోనులో తండ్రి అడుగునవి రెండే: తింటివా? మార్కులెన్ని? మొదటిది ప్రేమ. రెండవదియు ప్రేమయే గాని, అది వినునపుడు బిడ్డకు అట్లు వినబడదు. ఇంగ్లీషు బడి రుసుమునకై తండ్రి ఇసుక మోయుచున్నాడని అవ్వ దినమునకు పదిసార్లు జ్ఞాపకము చేయును. కావున ఆ బాలుడు మంచి మార్కులను చెప్పును, చెడ్డవానిని దాచును. తండ్రి అప్పు దాచినట్లే కుమారుడు మార్కులు దాచును. ఇంటి విద్య యది.

2019 ఏప్రిల్ మాసమున తెలంగాణమున ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఆ ఫలితములలోనే పొరపాటులున్నవని పిమ్మట గగ్గోలు పుట్టెను. పొరపాటు లెక్కలలో నుండనీ, పిల్లవానిలో నుండనీ, తప్పితినని ఇంటికి వచ్చి చెప్పగల త్రోవయున్నచో ఆ బిడ్డలలో ఎందఱు బ్రదికియుందురో యోచింపుడు. పెంపకములో తృప్తిని కొలువ నాకొక కొలత కలదు. బిడ్డ తెచ్చిన బహుమానములను లెక్కింపను. చెడువార్తను మొదట ఎవరివద్దకు తెచ్చునో అడుగుదును.

ఆడుబిడ్డల విషయములో ఇది మఱింత కఠినము. బడికి పోవు త్రోవలో ఎవడో వెంటబడుచున్నాడని పిల్ల ఇంట చెప్పినచో ఏమి జరుగును? వానిని మందలించుటకు ముందు ఈమెను బడి మాన్పింతురు. ఆఱునెలలలో సంబంధము చూతురు. పిల్లలు మూఢులు గారు. తమ యక్కకు జరిగినదానిని చూచియున్నారు. అందుచేత నోరు మూసికొందురు. పిమ్మట అనర్థము జరిగినపుడు, ముందే ఏల చెప్పలేదని తల్లి గుండెలు బాదుకొనును. చెప్పినవారికి దండన, చెప్పనివారికి చదువు దక్కునట్టి యింటిలో ఏ పిల్ల చెప్పును?

వైద్యమునకు వత్తము. ఇందులో నాకు చెప్పదగినది ఎక్కువ గలదు గనుక ఓపిక వహింపుడు.

మన సీమకు ఆసుపత్రులు లేవను దినములు గతించినవి. 1969లో విన్సెంట్ ఫెర్రర్ గారు అనంతపురమున గ్రామీణాభివృద్ధిసంస్థను స్థాపించిరి; ఆ సంస్థవారి ఆసుపత్రి 2000లో బత్తలపల్లిలో వెలసెను. 1991 నవంబరు 22న పుట్టపర్తికడ ప్రశాంతిగ్రామమున ఉన్నతవైద్యసంస్థ వెలసి, గుండెకోతలను సైతము ఉచితముగా చేయనారంభించెను. 2005 ఆగస్టు 15న 108 బండ్లు వచ్చినవి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైనపుడు మొదటి మూడు జిల్లాలలో మన అనంతపురమొకటి. ఇవన్నియు సామాన్యమైన మేలు గాదు. అయినను మన ఊరివాడు జ్వరము వచ్చినపుడు మొదట పోవునది ఎచ్చటికి? సందుమొగలో నుండు ఆర్.ఎం.పి. యొద్దకు.

పట్టభద్రులైన వైద్యులు దీనిని అజ్ఞానమని కొట్టివేయుదురు. నేనట్లు కొట్టివేయలేను. ఆర్.ఎం.పి. రాత్రి రెండుగంటలకు తలుపు తట్టినను లేచివచ్చును. చేయి పట్టి చూచును. పైకము వేరుసెనగ అమ్మిన పిమ్మట ఇమ్మనును. రోగి తండ్రికి ఏ రోగముండెనో అతనికి తెలియును. పలుమాఱులు అతడిచ్చు సూది అనవసరము. కొన్ని మాఱులు హానికరము, కీళ్లనొప్పులకు తెలియక వాడు స్టిరాయిడ్లవలన ఎముకలు గుల్లబాఱినవారిని నేను చూచితిని. జనులు అతనియొద్దకు పోవుట అతని శాస్త్రమునకై గాదు, అతడు చూపు ఆదరమునకై. మనకు శాస్త్రమున్నది. ఆదరమును జోడించుకొనుటకు ఎంత వ్యయమగును?

1984లో అమెరికాలో బెక్మన్, ఫ్రాంకెల్ అను నిద్దఱు ఒక చిన్న పరిశోధన చేసిరి. రోగి తన బాధ చెప్పుకొన నారంభించిన పిమ్మట వైద్యుడు సగటున పదునెనిమిది సెకనులకే అడ్డుపడుచున్నాడని తేలెను. 2017లో అఱువదియేడు దేశముల లెక్కలను కూర్చిన మఱియొక పరిశీలనలో, రోగికి వైద్యుడిచ్చు కాలము స్వీడనులో ఇరువదిరెండున్నర నిమిషములు, బంగ్లాదేశములో నలువదియెనిమిది సెకనులు, మన దేశములో సుమారు రెండు నిమిషములు అని తేలెను. ఉదయమునుండి నూటయేబదిమందిని చూడవలసిన వైద్యునికి రెండు నిమిషములకంటె దొరకవు. ఇది అతని దోషముగాదు, నేనును ఆ కుర్చీలో కూర్చున్నదానను. కాని ఆ రెండు నిమిషములలో తల యెత్తి రోగి మొగము చూచుట సాధ్యమే.

చరకమహర్షి చికిత్సకు నాలుగు పాదములు చెప్పెను: వైద్యుడు, ఔషధము, ఉపచారకుడు, రోగి. రోగికుండవలసిన గుణములలో తన బాధను తెలియజెప్పగల నేర్పొకటి యని కూడ చెప్పెను. ఎంత దూరము యోచించెనో చూడుడు! మన స్త్రీలలో ఎందఱికి ఆ యవకాశమున్నది? నా యెదుట రోగి కూర్చుండగా, ఏమి బాధ యని నేనడుగగా, వెనుకనుండి భర్తయో అత్తయో బదులు చెప్పుట నిత్యకృత్యము. ఎన్నాళ్లనుండి యన్నను వారే, ఎచ్చట నొప్పి యన్నను వారే. నొప్పి మాత్రము ఆమెది.

దీని ఫలమును ఒక్క లెక్కలో చూపెదను. 2015-16 నాటి కుటుంబారోగ్య సర్వేలో, పదునైదునుండి నలువదితొమ్మిదేండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి 3.2, ఆంధ్రప్రదేశమున 8.9. ఇది దేశములోకెల్ల ఎక్కువ. మూడుపదుల వయస్సు నిండీ నిండకమునుపే తెల్లబట్ట యగుచున్నదని పోయి, గర్భసంచి పోగొట్టుకొని వచ్చినవారు నావద్దకు వచ్చిరి. తీసినదేమని అడిగినచో పుండని యొకరు, గడ్డయని యొకరు చెప్పిరి. అండాశయములు మిగిలినవో లేవో వారికి తెలియదు. కాగితమున వ్రేలిముద్ర వేసినది భర్త. అవసరమైన శస్త్రచికిత్సలును కలవు, ప్రాణము నిలిపినవియు కలవు. నేను వానిని దూఱుట లేదు. కాని ఆమె దేహమునుండి ఒక యవయవము తీయుటకు ముందు వైద్యుడు ఆమెకు చెప్పలేదు, భర్త ఆమెను అడుగలేదు, ఆమెకు నోరు తెఱచుట ఎవ్వరును నేర్పలేదు. మూడు సంబంధములును ఒక్క మంచముపై చెడినవి. ఎముకలు నొచ్చుచున్నవని, ఒళ్లు మండుచున్నదని నలువదియేండ్లకే ముసలివారై తిరుగుచున్నారు.

రోగులకును ఒక మాట. వైద్యునియొద్ద దాచుట కూడ మన సీమలో మెండు. పసరుమందు త్రాగినట్లు చెప్పరు. సారాయి మాట చెప్పరు. నిన్న వేఱొక వైద్యుని చూచినట్లు చెప్పరు, కోపగించునని భయము. కోపగించు వైద్యులున్నారు గనుక ఆ భయము నిరాధారమనలేను.

ఉపచారకుని పాదమును గూర్చి చెప్పి ముగించెదను. కదిరికి సమీపమున తిమ్మమ్మ మఱ్ఱిమాను మీలో చూడనివారుండరు. సుమారు అయిదెకరములపై నీడ పఱచిన ఆ వృక్షము 1989లో గిన్నిస్ గ్రంథమున కెక్కెను. వ్యాధిగ్రస్తుడైన భర్తకు తిమ్మమ్మ సేవచేసెననియు, అతడు మరణింపగా 1434లో సహగమనము చేసెననియు, చితికి నాటిన గుంజ చిగిర్చి మఱ్ఱియయ్యెననియు కథ. బిడ్డలు లేని దంపతులు నేటికిని అచ్చట మ్రొక్కుకొందురు. సహగమనమును ఆనాడు మన రాజధానియైన మద్రాసులో 1830లోనే నిషేధించిరి. దానిని కొనియాడుట నా యుద్దేశము గాదు, దానిని కొనియాడువారిని చూచినచో నాకు కోపము వచ్చును. ఆ చితికంటె ముందు గడచిన దినములను గూర్చి యోచింపుమని మాత్రము కోరెదను. పుండ్లు కడిగిన దినములు, అన్నము తినిపించిన రాత్రులు. కథ చెప్పువారు వానిని ఒక్క వాక్యములో దాటిపోవుదురు. మఱియు, తిమ్మమ్మకే వ్యాధి వచ్చియున్నచో బాలవీరయ్య మంచముకడ కూర్చుండెడివాడా? మా వార్డులలో నేను చూచినంతవఱకు, పురుషుడు రోగియైనచో భార్య యుండును. స్త్రీ రోగియైనచో తల్లియో, చెల్లెలో, బడి మానిన కూతురో యుండును. భర్త ఉదయము వచ్చి, ఎట్లున్నదని అడిగి, సేద్యమున్నదని పోవును. కఱవు యేట సేద్యము లేకున్నను పోవును.

కావున ఈ సంఘమునకు నా విన్నపము. రేపటి పరిచయవేదికలో పదునెనిమిది నిండని పిల్ల దరఖాస్తును తీసికొనకుడు. జాతకములతోపాటు ఇరువైపుల అప్పులను, వ్యాధులను కూడ తెలుపునట్లు దరఖాస్తులో చోటు పెట్టుడు. పిల్లకును పిల్లవానికిని పెద్దలు లేకుండ అరగంట మాటలాడుకొన గది చూపుడు. ఇది వ్యయము లేని పని. రెండవది వ్యయముతో కూడినది. పల్లెలనుండి అనంతపురమునకు వచ్చు రోగులకు ఏ కిటికీకడ చీటి వ్రాయింతురో తెలియదు, వైద్యుడు చెప్పినది అర్థము గాదు, తిరిగి అడుగ ధైర్యము చాలదు. చదువుకొన్న ఒక స్త్రీని, ఒక పురుషుని జీతమిచ్చి నియమించి, ఆసుపత్రివారి యనుమతితో రోగుల వెంట నుంచవలెను. కాగితముపై వ్రేలిముద్ర వేయకముందు అందులోనిది చదివి రోగికే వినిపించుట వారి ముఖ్యమైన పని. ఆశాకార్యకర్తలు ఊరిలో చేయుచున్నదానిని పట్టణములో చేయువారు లేరు.

దీనికి మన కులస్థులకు మాత్రమేనా యను ప్రశ్న నిన్న కార్యవర్గములో వచ్చినది. ధనము మనదే గదా యని యొక పెద్దమనిషి యనిరి. ధనము మనదే. కాని మంచముకడకు పోయి, నీ కులమేమని అడిగి, మనవాడు గానిచో ప్రక్క మంచమునకు పోవు ఉపచారకునివలన మన సంఘమునకు కలుగు పేరేమో యోచింపవలెను. విద్యార్థివసతిగృహములో ఆ నియమముండనిండు, అది నేను మాఱ్పజాలను. ఆసుపత్రిలో వలదు.

ధనమెచ్చటిదందురా? కల్యాణమండపపు పైకప్పుకై కూడినదానిలో మూడవవంతు చాలును. పైకప్పు ఒక యేడు ఆలస్యమైనను పెండ్లిండ్లు ఆగవు. ముంగారు తప్పిన యేట ముహూర్తములు ఎట్లును తక్కువ. ఈ తీర్మానమును వ్రాతమూలముగా విషయనిర్ణయసభకు అందజేసితిని. దానిని బలపఱచుటకు ఇద్దఱు కావలయును. స్త్రీలలోనుండి ఒకరు దొరకిరి. రెండవవారు పురుషులలోనుండి రావలెనని కోరుచు, సాయంకాలము ఆఱుగంటలవఱకు వేదిక వెనుకనున్న గదిలో వేచియుందునని మనవి చేయుచున్నాను.